కైగా అణు కేంద్రంలోకి గేట్‌పాస్: నా అనుభవం

కర్ణాటకలోని కైగా అణు విద్యుత్ కేంద్రంలో ఒక యూనిట్‌ను, అంటే ఒక రియాక్టర్‌ను, నిర్వహణ పనుల కోసం ఆపినప్పుడు, పంపుల సీళ్ళు మార్చే పని మా కాంట్రాక్టరుకు దక్కింది. సూపర్‌వైజరుగా వెళ్ళి, పని ముగించుకొని మొన్ననే మణుగూరు తిరిగి వచ్చాను. గేట్‌పాస్ కోసం పడిన పాట్లు ఇంకా మనసులో పచ్చిగా ఉండగానే, తరువాత వెళ్ళేవారికి పనికివస్తాయని రాస్తున్నాను.

వైద్య పరీక్ష, ఫోటోలు, సర్టిఫికెట్ల నకళ్ళు ఒక్క పూటలో అయిపోయాయి. చిక్కంతా పోలీసు ధ్రువీకరణ దగ్గరే వచ్చింది.

పదో తరగతి సర్టిఫికెట్‌లో నా ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఆధార్‌లో పొడి అక్షరం మాత్రమే ఉంది. తెలుగువాళ్ళలో ఎందరికో ఉండే తేడా ఇది. అయినా కాగితాలు చూసిన ఉద్యోగి, “ఇందులో ఉన్నది నువ్వేనా, ఇంకొకడా?” అని నలుగురిలో గట్టిగా అడిగి, దరఖాస్తును పక్కన పడేశాడు. ఏం తెస్తే సరిపోతుందని అడిగితే రేపు రమ్మన్నాడు. నోటరీ అఫిడవిట్ తీసుకువెళ్తే గెజిటెడ్ అధికారి సంతకం కావాలన్నాడు. ఆ సంతకం చేయించుకొని వెళ్ళేసరికి ఆ సీట్లో మరొకరు కూర్చొని అఫిడవిట్ ఎక్కడని అడిగారు.

అంతకన్నా బాధ కలిగించింది ఇంటి విచారణ. వచ్చిన కానిస్టేబుల్ నేరుగా మా ఇంటికి రాకుండా, వీధి మొదట్లోని కిళ్ళీకొట్టు దగ్గర ఆగి, నా మీద కేసులేమైనా ఉన్నాయా, తాగి గొడవలు చేస్తానా అని అడుగుతూ వచ్చాడు. ఆయన గుమ్మం దాటకముందే పక్కింటావిడ మా అమ్మ దగ్గరకు వచ్చి, “వదినా, అబ్బాయి ఏం చేశాడు?” అని అడిగింది. ఇక్కడి భారజల కర్మాగారంలో ఉద్యోగ జీవితమంతా గడిపి, మచ్చలేకుండా రిటైరైన మా నాన్న ఆ సాయంత్రం వాకిట్లోకి రాలేదు. అణు కేంద్రంలోకి వెళ్ళేవాడి గురించి విచారించడం అవసరమే, అందులో నాకు రెండో మాట లేదు. అది ఉద్యోగం కోసం జరిగే విచారణ అని ముందుగా ఒక్క మాట చెబితే ఒక కుటుంబం తలదించుకోవలసిన అవసరం ఉండదు కదా! పౌరుడి పరువుకు కూడా భద్రత కావాలని ఆ కుర్చీల్లో కూర్చున్నవారు తెలుసుకోవాలి.

చివరికి పత్రం చేతికొచ్చింది. కార్వార్ నుంచి అడవి దారిలో, కాళీ నది వెంట కైగా చేరుకున్నాక అంతా మారిపోయింది. అక్కడి తనిఖీలు ఇంకా కఠినమైనవి, కానీ ప్రతిదానికీ కారణం చెప్పారు. ఒంటికి తగిలిన రేడియేషన్‌ను కొలిచేందుకు ఛాతీకి తగిలించుకునే టీఎల్‌డీ బ్యాడ్జి ఎందుకో, మూత్ర నమూనా ఎందుకు తీసుకుంటారో శిక్షణలో వివరించారు. రియాక్టర్‌లో వాడే భారజలంలో (మామూలు నీటికన్నా బరువైన హైడ్రోజన్ ఉన్న నీరు) ట్రిషియం అనే రేడియోధార్మిక హైడ్రోజన్ పుడుతుంది, అది తేమతో పాటు ఒంట్లోకి చేరితే బ్యాడ్జిలో కనిపించదు, మూత్ర పరీక్షలో తెలుస్తుంది. బయటికి వచ్చేటప్పుడు చేతులు, కాళ్ళు యంత్రంలో పెట్టి, అది సరేనని చూపే దాకా కదలకుండా నిలబడాలి. కాంట్రాక్టు కూలీకీ ఇంజినీరుకూ అదే యంత్రం, అదే నియమం.

ఆ శిక్షణలో నన్ను కట్టిపడేసింది ఆ కేంద్రం చరిత్ర. 1994 మే 13న, ఇంకా నిర్మాణంలో ఉన్న మొదటి యూనిట్ రియాక్టర్ భవనపు లోపలి గోపురం నుంచి కాంక్రీటు పొరలుగా ఊడి కింద పడింది. గోపురంలో బిగించిన ఉక్కు తీగల లాగుడుకు, ఆ వంపులో కాంక్రీటు పొరలను విడదీసే బలం పుట్టింది. అప్పటికి లోపల ఇంధనం లేదు కాబట్టి రేడియేషన్ ప్రమాదం జరగలేదు. డిజైన్‌ను మళ్ళీ మొదటి నుంచి పరిశీలించి గోపురాన్ని తిరిగి కట్టారు. అందుకే మొదటి యూనిట్ కన్నా ముందుగా రెండోది 2000 మార్చిలో వాణిజ్య ఉత్పత్తి మొదలుపెట్టింది, మొదటిది అదే ఏడాది నవంబరులో మొదలుపెట్టింది. 2007లో మూడోది, 2011లో నాలుగోది వచ్చాయి. ఒక్కొక్కటి 220 మెగావాట్లు.

అలా ఆలస్యమైన ఆ మొదటి యూనిటే 2016 మే నుంచి 2018 డిసెంబర్ 31 దాకా 962 రోజులు ఆగకుండా నడిచి, బ్రిటన్‌లోని హేషమ్ రియాక్టర్ పేర ఉన్న 940 రోజుల ప్రపంచ రికార్డును దాటింది. తరువాత కెనడాలోని డార్లింగ్‌టన్ ఆ రికార్డును అధిగమించింది. 220 మెగావాట్ల ఈ రకం రియాక్టర్‌లో ఇంధన కట్టలు పెట్టే 306 అడ్డ గొట్టాలు ఉంటాయి. రెండు చివరలా యంత్రాలు నిలబడి, రియాక్టర్ నడుస్తుండగానే పాత ఇంధన కట్టలు తీసి కొత్తవి పెడతాయి. ఇంధనం కోసం ఆపనక్కరలేదు కాబట్టే అన్ని రోజులు నడపగలిగారు. ఆ కట్టలు తయారయ్యేది మన హైదరాబాద్‌లోని అణు ఇంధన సముదాయంలోనే. ఇలాంటి రియాక్టర్లకు భారజలం తయారుచేసే ఊరివాడినని ఆ తరగతిలో గర్వంగా చెప్పుకున్నాను.

వెళ్ళేవారికి నా సలహా ఒక్కటే. అడిగినా అడగకపోయినా అఫిడవిట్, గెజిటెడ్ సంతకం రెండూ వెంట ఉంచుకోండి. దరఖాస్తు ఇవ్వగానే రసీదు తీసుకోండి. అసలు సర్టిఫికెట్లు ఏ మధ్యవర్తి చేతికీ ఇవ్వకండి. కాంట్రాక్టుతో పాటే నా పాస్ గడువు కూడా ముగిసింది, మళ్ళీ పని వస్తే మళ్ళీ విచారణ తప్పదు. అందుకే నిన్న మీసేవకు వెళ్ళి ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా రాయమని దరఖాస్తు పెట్టాను.