సీ కోడ్ తనిఖీ: కొనే ముందు చేతిలో ఉన్నవి చూద్దాం

నేను చూసుకునే ఒక సీ ప్రోగ్రామ్ వారానికి ఒకటి రెండుసార్లు, కారణమేమీ తెలియనివ్వకుండా, ఆగిపోతూ ఉండేది. కోడ్‌లో లోపాలు వెతికే తనిఖీ సాధనం కొందామని ధరలు విచారిస్తే, అవి ఒంటరిగా పని చేసుకునేవారు భరించగలిగేవి కావని తేలింది. దానితో ఉచితంగా దొరికేవాటినే ఒక వరుసలో వాడడం మొదలుపెట్టాను.

మొదటి మెట్టు, రాసిన కోడ్‌ను యంత్రం నడిపే రూపంలోకి మార్చే కంపైలరే. 1978లో బెల్ ల్యాబ్స్‌లో స్టీఫెన్ జాన్సన్, సీ కోడ్‌లో అనుమానాస్పదమైన చోట్లను చూపే లింట్ అనే ప్రోగ్రామ్‌ను రాసిన రోజుల్లో ఈ తనిఖీ కంపైలర్‌కు బయట జరిగేది. దానిలో చాలా భాగం ఇప్పుడు జీసీసీ, క్లాంగ్ అనే ఉచిత కంపైలర్లలోనే ఉంది. అయితే ‘డబ్ల్యూ ఆల్’ అన్న ఆప్షన్ పేరు చూసి హెచ్చరికలన్నీ వచ్చేశాయని నమ్మకూడదు, ‘డబ్ల్యూ ఎక్స్‌ట్రా’ కూడా పెట్టాలి. అర్రేను చివరి నుంచి మొదటికి చదివే లూప్‌లో ఇండెక్స్‌ను అన్‌సైన్డ్‌గా ప్రకటించి, అది సున్నాకు తగ్గనంతవరకు తిరగమని రాస్తే, ఆ టైప్‌లో రుణ సంఖ్యలే లేవు కనుక షరతు ఎప్పుడూ నిజమే అవుతుంది, లూప్ ఆగదు. జీసీసీ ఈ సంగతి చెప్పేది ఆ రెండో ఆప్షన్ ఇచ్చినప్పుడే.

తర్వాత, కోడ్‌ను చదివి లోపాలు చూపే సీపీపీచెక్ అనే ఉచిత సాధనాన్ని నడుపుతాను. రీఅలాక్ (తీసుకున్న మెమరీ పరిమాణాన్ని మార్చే ఫంక్షన్) ఫలితాన్ని పాత పాయింటర్‌లోనే నేరుగా దాచుకోవడం చాలామందికి అలవాటు. మెమరీ దొరకక నల్ (ఖాళీ అడ్రస్) వచ్చిందంటే పాత అడ్రస్ చెరిగిపోయి, ఆ మెమరీని ఫ్రీ చేసే దారి మూసుకుపోతుంది. సీపీపీచెక్ సరిగ్గా ఆ లైన్‌నే చూపిస్తుంది. అనవసరపు హెచ్చరికలు తక్కువగా ఇవ్వాలన్నది దాని లక్ష్యం, నా దృష్టిలో ఇది ధర కంటే ముఖ్యం, ఎందుకంటే వందల తప్పుడు హెచ్చరికల మధ్య నిజమైనదాన్ని వెతకడానికి పట్టే సమయం కూడా ఖర్చే. 2020లో వచ్చిన జీసీసీ 10 నుంచి కంపైలర్‌లోనే ఇలాంటి తనిఖీ చేసే ‘ఎనలైజర్’ ఆప్షన్ కూడా ఉంది.

నా లోపం మాత్రం ప్రోగ్రామ్‌ను నడపకుండా కోడ్‌ను చదివే వీటికి చిక్కలేదు, అర్రే పరిమాణం ఫైల్ నుంచి వచ్చేది కాబట్టి. ప్రోగ్రామ్ నడుస్తుండగా మెమరీ తప్పులు పట్టే అడ్రస్ శానిటైజర్ అనే కంపైలర్ ఆప్షన్‌తో మళ్లీ కంపైల్ చేసి, అనుమానం ఉన్న ఫైల్ ఇచ్చి నడిపాను. 400 బైట్ల మెమరీ ముగిసిన వెంటనే నాలుగు బైట్లు చదివానని, ఏ లైన్‌లో చదివానో, ఆ మెమరీని ఏ లైన్‌లో తీసుకున్నానో సహా రిపోర్టు వచ్చింది. నూరు పూర్ణాంకాల అర్రేలో నూట ఒకటోదాన్ని అడిగాను. లూప్ షరతులో ‘తక్కువ’ అని ఉండాల్సిన చోట ‘తక్కువ లేదా సమానం’ అని రాశాను.

శానిటైజర్‌తో ప్రోగ్రామ్ సుమారు రెండు రెట్లు నెమ్మదిస్తుంది. ఇలాగే నడుస్తున్న ప్రోగ్రామ్‌ను చూసే మరో ఉచిత సాధనం వాల్‌గ్రిండ్‌తో ఇంకా చాలా ఎక్కువ, కానీ దానికి మళ్లీ కంపైల్ చేయనక్కర్లేదు, విలువ ఇవ్వని వేరియబుల్‌పై ఆధారపడిన షరతునూ అది పట్టుకుంటుంది. రెండూ నడిచిన దారినే చూడగలవు కనుక మంచి టెస్టులు లేకపోతే ఉపయోగం సగమే.

మిస్రా నియమాలకు (భద్రత కీలకమైన చోట్ల సీ కోడ్ ఎలా రాయాలో చెప్పేవి) కట్టుబడ్డామని సర్టిఫికేషన్ కోసం నిరూపించాల్సినవారికి డబ్బు పెట్టి కొనే సాధనమే సాధారణంగా అవసరమవుతుంది. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు నడిపేవారైతే కవరిటీ స్కాన్ అనే ఆన్‌లైన్ కోడ్ తనిఖీ సేవకు దరఖాస్తు చేసుకోవచ్చు, వారికి అది ఉచితం.