సిప్రోకి 23, నైట్రోఫ్యురంటాయిన్‌కి 20

డీఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా) ట్రైనింగులో నన్ను మైక్రోబయాలజీలో వేశారు. అక్కడికి ఎక్కువగా వచ్చేవి మూత్రం శాంపిళ్లే. సగం మంది అప్పటికే మెడికల్ షాపులో అడిగి ఏదో ఒక యాంటీబయాటిక్ వేసుకుని వస్తారు. అలాంటప్పుడు కల్చర్‌లో, అంటే క్రిముల్ని పెంచి చూసే పరీక్షలో, ఏమీ పెరక్కపోతే, తప్పు ల్యాబుదంటారు!

ఆ రోజు ఒక పెద్దావిడ శాంపిల్‌లో ఈ.కోలై అనే బ్యాక్టీరియా పెరిగింది. దాన్ని పెంచిన మెకాంకీ ప్లేటు నిండా గులాబీ రంగు కాలనీలు (క్రిముల గుంపులు). ఇక ఏ మందుకు లొంగుతుందో చూడాలి. పద్ధతి 1966 నాటి కిర్బీ-బావర్‌దే: క్రిమి రాసిన ప్లేటు మీద మందు డిస్కులు పెడితే, మందు పనిచేసిన మేర డిస్కు చుట్టూ క్రిమి పెరగని వలయం మిగులుతుంది.

నాలుగైదు కాలనీలు తీసి సెలైన్‌లో కలిపాను. అది, మసక ఎంతుండాలో చూపే 0.5 మెక్‌ఫార్లాండ్ ట్యూబుతో సరిపోవాలి. నల్ల గీతల కార్డు ముందు రెండు ట్యూబులూ పక్కపక్కన పట్టుకుంటే, వెనక గీతలు రెండింట్లోనూ ఒకేలా మసగ్గా కనపడాలి. పల్చనైతే వలయాలు పెద్దవై, మొండి క్రిమి కూడా లొంగినట్టు చూపిస్తుంది. ఈ ఒక్క విషయంలో మా మేడం ఎవర్నీ నమ్మేవారు కాదు. "ఏదమ్మా, ఇటు పట్టు" అని తనూ ఓసారి చూసుకునేవారు.

పావుగంటలోపే స్వాబ్ ముంచి, ట్యూబు గోడకు నొక్కి పిండి, ముల్లర్-హింటన్ అగార్ (క్రిములు పెరిగే జెల్లీ) మీద మూడు వైపుల నుంచీ రాశాను. వాకిలి అలికినట్టే, ఎక్కడా ఖాళీ మిగలకూడదు. తర్వాత దాని మీద మందు డిస్కులు పెట్టాను. డిస్కు ఒకసారి తగిలిందంటే మళ్లీ జరపకూడదు, మందు అప్పుడే అగార్‌లోకి దిగడం మొదలుపెడుతుంది. ప్లేటు బోర్లించి 35 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో పెట్టేశాను.

మర్నాడు స్కేలుతో కొలిస్తే సిప్రోఫ్లాక్సాసిన్ వలయం 23 మి.మీ., నైట్రోఫ్యురంటాయిన్‌ది 20. చూపుకు సిప్రోదే పైచేయి. ఏ మందుకు ఎంత వలయం ఉండాలో చెప్పే సీఎల్‌ఎస్‌ఐ పట్టిక తీస్తే లెక్క వేరే. సిప్రోకి 26 లేదా ఆపైన ఉంటేనే లొంగినట్టు, 23 అంటే మధ్యరకం, 'ఐ'. నైట్రోఫ్యురంటాయిన్‌కి 17 చాలు, కాబట్టి 'ఎస్', లొంగినట్టే. సిప్రో డిస్కులో మందు 5 మైక్రోగ్రాములు, ఇంకోదాంట్లో 300. అగార్‌లో పాకే తీరూ వేరు. ఒకదాని వలయాన్ని ఇంకోదానితో పోల్చడమే కుదరదు. పైగా నైట్రోఫ్యురంటాయిన్ మూత్రాశయం వరకే పనికొస్తుంది. ఇన్ఫెక్షన్ కిడ్నీకి పాకితే ఆ 'ఎస్'ని నమ్ముకోలేం. అది చూసుకోవాల్సింది డాక్టరుగారే.

కంట్రోల్‌గా పెట్టిన, ఫలితం ఎంత రావాలో ముందే తెలిసిన ఈ.కోలై ఏటీసీసీ 25922 ప్లేటులో సిప్రోకి 33 వచ్చింది, పరిధిలోనే ఉంది. అది కుదరకపోతే ఆ రోజు రిపోర్టులన్నీ ఆగిపోయేవి. మేడం సంతకం పెట్టారు, మధ్యాహ్నానికి రిపోర్టు వార్డుకి వెళ్లిపోయింది.