ఉప్పు తెలియని నాలుకకి కారం తెలిసింది

గుంటూరు మిర్చి యార్డులో కమిషన్ కొట్టు గుమస్తాని. తేజ కాయ ఘాటుకి తుమ్ములు, దగ్గు, కళ్ల నీళ్లు మాకు రోజూ ఉండేవే. అందుకే కుడికన్ను మండుతుంటే కాయ దుమ్మేలే అనుకున్నా. రాత్రి మజ్జిగ తాగుతుంటే పెదవి కుడి మూల నుంచి కారి చొక్కా తడిసింది. మా ఆవిడ నా మొహంలోకి చూసి, "ఏవండీ, మూతి ఎడమకి లాగేసిందేంటండీ!" అని కంచం కింద పెట్టేసింది.

మా నాన్న పక్షవాతంతో పోయాడు. ఇక ఆ రాత్రి ఎలా గడిచిందో చెప్పక్కర్లేదు. తెల్లారేసరికి సలహాలు మొదలు. పావురం రక్తం పూస్తే తగ్గుద్దని బామ్మర్ది, బస్సు కిటికీ దగ్గర కూర్చుంటే గాలి కొట్టిందని పక్కింటి పిన్నిగారు. పావురాన్ని బతకనిచ్చి కొత్తపేటలో నరాల డాక్టరు దగ్గరికి వెళ్లాం.

ఆయన చేతులు చాపమన్నాడు, నడవమన్నాడు, మాట్లాడించాడు. తర్వాత కనుబొమ్మలు పైకెత్తమన్నాడు. ఎడమ నుదురు ముడతలు పడింది, కుడివైపు కదల్లేదు. "నుదురు కూడా పడిపోయిందా? అయితే నయమే," అన్నాడు. నాకు ఒళ్లు మండింది. సగం మొహం పోతే నయమేంటి?

విషయమేంటంటే, మొహం కింది సగానికి ఆజ్ఞలు మెదడులో అవతలి పక్క నుంచే వస్తాయి. నుదుటికి మాత్రం రెండు పక్కల నుంచీ వస్తాయి. మెదడులో ఒక పక్క దెబ్బతింటే రెండో పక్క నుదుటిని మామూలుగా ఆడిస్తూనే ఉంటుంది. నుదురుతో సహా పోయిందంటే దెబ్బ చాలావరకు మెదడులో కాదు, బయటికొచ్చిన, మొహం కండల్ని ఆడించే ఏడో కపాల నరంలో. చేతులూ కాళ్లూ మాటా బాగుండటం చూసి, పరీక్షలు చేయించి, బెల్స్ పాల్సీ అని తేల్చాడు. 1821లో మొహం నరాల గురించి రాసిన స్కాట్లాండ్ సర్జన్ చార్లెస్ బెల్ పేరది. (ఇది చదివి ఎవరూ ఇంట్లో నుదురు చూసుకుని తీర్పు చెప్పుకోకండి. మూతి వంకర పోతే ముందు ఆసుపత్రికి పరిగెత్తండి. స్ట్రోక్ అయితే ప్రతి నిమిషమూ లెక్కే.)

ఈ నరం చెవి దగ్గర పుర్రె ఎముకలో సన్నటి కాలువ గుండా వస్తుంది. ఇరుకు చోట ఆ కాలువ వెడల్పు మిల్లీమీటరు కూడా ఉండదు. నరం వాస్తే తప్పుకోవడానికి చోటు లేదు, ఎముకకీ వాపుకీ మధ్య నలిగిపోతుంది. వాపు ఎందుకొస్తుందో గట్టిగా తేలలేదట, హెర్పిస్ వైరస్ మీద అనుమానం. స్టెరాయిడ్ మాత్రలు 72 గంటల్లోపు మొదలుపెడితేనే బాగా పనిచేస్తాయట. మాకు టైము మిగిలే ఉంది.

డాక్టరు మందుల చీటీ వెనక బొమ్మ గీశాడు. నా పెదవిని కదిపే న్యూరాన్, అంటే నరకణం, మెదడు అడుగున ఉంటుంది. ఆక్సాన్ అనే దాని పోగు ఎక్కడా అతుకు లేకుండా పెదవి కండ దాకా వస్తుంది. పని లేనప్పుడు పోగు లోపలి వైపు బయటికంటే 70 మిల్లీవోల్టులు తక్కువలో ఉంటుంది. సంకేతం వచ్చిన చోట సోడియం అయాన్లు లోపలికి దూరతాయి, ఆ వెంటనే పొటాషియం బయటికి పోతుంది, ఆ అలజడికి పక్క చోటు లేస్తుంది. పోగు చుట్టూ మైలిన్ అనే కొవ్వు పొర ఉండటం వల్ల సంకేతం ఆ పొరలో సందు నుంచి సందుకి దూకుతూ పోతుంది. చివర్లో ఎసిటైల్‌కొలీన్ విడుదలై కండ కదులుతుంది. మైలిన్ ఒక్కటే నలిగితే కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. పోగే తెగితే తెగిన చోట నుంచి మళ్లీ పెరగాలి, అదీ రోజుకి సుమారు మిల్లీమీటరు చొప్పున. నాకు రెండూ ఉన్నాయని తర్వాత తెలిసింది.

అన్నిటికంటే కన్ను ఏడిపించింది. రెప్ప మూయబోతే మూతపడదు, గుడ్డు మాత్రం పైకి తిరిగి తెల్లగా కనపడేది. చిన్నది జడుసుకునేది. రాత్రిళ్లు ఆయింట్‌మెంట్ రాసి ప్లాస్టరు అంటించేది మా ఆవిడ. మూతపడని కన్నుతో మిర్చి యార్డులోకి ఎవడు పోతాడు? మా సేటు లోపల గదిలో కూర్చోబెట్టి ఖాతాలు చూడమన్నాడు. పైగా చెవి గోల. చెవిలో శబ్దాన్ని తగ్గించే చిన్న కండ ఒకటుంది, దానికీ ఈ నరమే దిక్కు. మిక్సీ వేస్తే తలలో సుత్తితో కొట్టినట్టుండేది.

ఇక నాలుక. గోంగూర పచ్చడి సగం చప్పగా తగిలింది. మా ఆవిడ నాలుక బయట పెట్టించి, కుడి అంచున ఉప్పు రాసింది. ఏమీ లేదు. చింతపండు పులుసు రాసింది. ఏమీ లేదు. ఎడమ పక్క రెండూ తెలిశాయి. చివరికి కారం అద్దింది, కుడి పక్కే! భగ్గుమంది.

డాక్టరుకి చెప్తే నవ్వాడు. నాలుక ముందు భాగంలో ఉప్పూ పులుపూ తీపీ చేదూ మోసేది ఏడో నరం శాఖ. కారాన్ని మోసేది ఐదో నరం, దానికి దెబ్బే తగల్లేదు. ఉగాది పచ్చడిలో కారాన్ని ఆరు రుచుల్లో కలుపుకున్నాం గానీ, శరీరం లెక్కలో అది రుచి కాదు, వేడి తాలూకు నొప్పి. మిర్చిలో ఘాటుకి కారణమైన క్యాప్సైసిన్ వెళ్లి తట్టే గ్రాహకం (నరం కొసన కబురు అందుకునే తలుపు లాంటిది), సుమారు 43 డిగ్రీల పైన వేడి తగిలితే తెరుచుకునేదీ ఒకటే. దాన్ని 1997లో మిర్చి ఘాటుతోనే పట్టుకున్న డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ వచ్చింది, ఆర్డెమ్ పటపూటియన్‌తో కలిపి. ఇన్నేళ్లు ఘాటు మీదే బతికిన నాకు ఈ సంగతి చెప్పడానికి మూతి వంకర పోవాల్సొచ్చింది.

ముందు ఉప్పు తిరిగొచ్చింది, అది మంచి గుర్తన్నారు. తర్వాత బుగ్గ, ఆ తర్వాత ఎప్పటికో రెప్ప. బలంగా మొహం చిట్లించే వ్యాయామాలు వద్దని ఫిజియో మేడం అద్దం ముందు నెమ్మదిగా, కొంచెం కొంచెంగా చేయించింది. ఎందుకంటే తెగిన పోగులు మళ్లీ పెరిగేటప్పుడు దారి తప్పుతాయి. నోటికి వెళ్లాల్సినవి కొన్ని కంటికి చేరాయి నాకు. ఇప్పుడు నమిలినప్పుడల్లా కుడికన్ను సగం మూసుకుపోతుంది. పెళ్లి భోజనాల్లో ఎదుటి వరుసలో ఆడవాళ్లుంటే, "మీరిటు రండి" అని మా ఆవిడ నన్ను గోడవైపు తిప్పి కూర్చోబెడుతోంది.