మందు వేసుకున్నావా?

పదకొండేళ్లపాటు అన్నయ్యకు ఫోన్ చేసిన ప్రతిసారీ నేను అడిగిన మొదటి మాట "మందు వేసుకున్నావా?" అనేదే. వేసుకున్నానని చెప్పినా నమ్మకుండా, ఫోన్ అమ్మకు ఇమ్మని, నీ ఎదుటే మింగాడా, నోరు తెరిపించి చూశావా అని ఆరా తీసేదాన్ని. ఆ మాటలన్నీ పక్కనే కూర్చున్న అన్నయ్య చెవిన పడుతున్నాయన్న స్పృహ అప్పట్లో నాకు లేదు.

2010లో, ఇంజనీరింగ్ చివరి సంవత్సరంలో ఉండగా, విజయనగరంలోని మా ఇంట్లో అన్నయ్య తన గది వెంటిలేటర్‌కు పాత వార్తాపత్రికలు అంటించడం మొదలుపెట్టాడు. ఎదురింటివాళ్లు తన ఆలోచనలను వింటున్నారని, రాత్రిపూట తన గురించే మాట్లాడుకుంటున్నారని చెప్పేవాడు. మేము చదువు ఒత్తిడి అనుకున్నాం, ఆ తరువాత దిష్టి అనుకున్నాం, తాయెత్తులు కట్టించాం. పెళ్లి చేస్తే కుదురుకుంటాడని బంధువులు ఒక సంబంధం కూడా తెచ్చారు. తెలిసి తెలిసి ఇంకొక ఆడపిల్ల గొంతు కోయనని అమ్మ ఖండితంగా చెప్పినందుకు ఈనాటికీ ఆమెకు మనసులో దండం పెట్టుకుంటాను. విశాఖపట్నంలో వైద్యుడు అది స్కిజోఫ్రీనియా అని చెప్పేసరికి ఏడాదిన్నర గడిచిపోయింది. ఈ జబ్బు ఎక్కువగా నిండు యౌవనంలోనే బయటపడుతుందని, వైద్యం ఎంత త్వరగా మొదలైతే అంత మేలని ఆ రోజే మొదటిసారి విన్నాం. 2022లో వచ్చిన ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలి మానస్ నంబరు 14416 లాంటిది అప్పుడు ఉండి ఉంటే, కనీసం ఎవరిని అడగాలో తెలిసేది.

2014లో నా పెళ్లి జరిగింది. మగపెళ్లివారికి విషయం తెలియకూడదని పెద్దలు నిర్ణయించి, అన్నయ్యను బొబ్బిలిలో దూరపు బంధువుల ఇంటికి పంపించారు. నేను అడ్డు చెప్పలేదు. లాజహోమంలో నా దోసిట్లో పేలాలు పోయవలసింది అన్నయ్య. ఆ స్థానంలో చిన్నాన్న కొడుకు నిలబడి పోస్తుంటే, తల వంచుకుని ఆ పేలాలనే చూస్తూ ఉండిపోయాను. ఆరు నెలల తరువాత మావారికి నేనే అంతా చెప్పినప్పుడు, ఆయన అడిగింది మీ అన్నయ్య దగ్గరికి ఎప్పుడు వెళదామని మాత్రమే. దాచింది ఎవరి కోసమో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

2018 వేసవిలో పుట్టింటికి వెళ్లినప్పుడు, తులసికోటలో మట్టి గుల్ల చేస్తున్న అమ్మ చేతికి సగం కరిగిన మాత్రలు తగిలాయి. కొన్ని తెల్లగా, కొన్ని మట్టిరంగుకు తిరిగి, మొత్తం ఇరవైకి పైగా ఉన్నాయి. వాటిని అరచేతిలో పోసుకుని అన్నయ్య ముఖం ముందు పెట్టి, నీ వల్ల అమ్మ చచ్చిపోతుందని అరిచాను. అతను ఏమీ అనకుండా లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు. రెండు వారాలు తిరగకుండానే ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చింది.

అక్కడి వైద్యురాలు నన్ను విడిగా కూర్చోబెట్టి రెండు విషయాలు చెప్పారు. తనకు జబ్బు ఉందని రోగి గుర్తించలేకపోవడం చాలాసార్లు మొండితనం కాదు, జబ్బులోని భాగమే అన్నది మొదటిది. రెండవది లండన్‌లో జార్జ్ బ్రౌన్ అనే సామాజిక శాస్త్రవేత్త 1950లలో మొదలుపెట్టిన పరిశోధన గురించి: ఆసుపత్రి నుంచి తల్లిదండ్రుల దగ్గరికో, భార్య దగ్గరికో వెళ్లిన రోగుల కంటే అద్దె గదుల్లోనూ, తోబుట్టువుల దగ్గరా ఉన్నవారు మెరుగ్గా ఉన్నారని ఆయన బృందం గమనించింది. ఆ తరువాతి అధ్యయనాల్లో, ఎడతెగని విమర్శ, ద్వేషం, అతి జోక్యం ఉన్న ఇళ్లలో జబ్బు తిరగబెట్టడం ఎక్కువని తేలింది. కుటుంబం వల్లే జబ్బు వచ్చిందని దీని అర్థం కాదని ఆమె ఒకటికి రెండుసార్లు చెప్పారు. అయినా నా మనసు ఒక్క మాట దగ్గరే ఆగిపోయింది. తోబుట్టువుల దగ్గర మెరుగ్గా ఉన్నారట. మా అన్నయ్యకు మాత్రం తోబుట్టువు స్థానంలో ఒక కాపలాదారు దొరికింది.

రెండు రకాల మందులు పనిచేయకపోవడంతో 2019లో క్లోజపిన్ మొదలుపెట్టారు. తెల్ల రక్తకణాలు పడిపోయే ప్రమాదం ఉన్నందున మొదటి 18 వారాలు వారం వారం రక్తపరీక్ష తప్పదు. సోమవారం ఉదయం అమ్మ, అన్నయ్య ఆర్టీసీ బస్సులో విశాఖ వెళ్లి వచ్చేవారు. ఆ మందుతో రాత్రిళ్లు లాలాజలం కారి దిండు తడిసిపోతుంది. అన్నయ్య పడుకునే ముందు దిండు మీద తువ్వాలును నాలుగు మడతలు వేసి పరుచుకుంటాడు, పొద్దున్నే అమ్మకు కనబడకుండా తానే ఉతికి ఆరవేస్తాడు. ఇన్నేళ్లు మాత్రలు లెక్కపెట్టిన నేను ఆ తువ్వాలును చూసింది ఈ మధ్యనే.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, తన తరఫున మాట్లాడే ప్రతినిధిని వయోజనుడైన ప్రతి వ్యక్తీ తానే ఎంచుకోవచ్చు. తెల్లకాగితం మీద పేరు రాసి సంతకం పెట్టి ఆ నియామకం చేయవచ్చు. అమ్మకు డెబ్బై దాటినందున 2023లో ఆ కాగితం రాద్దామని నేనే అన్నాను, నా పేరే రాస్తాడన్న ధీమాతో. అన్నయ్య చాలాసేపు ఆలోచించి, జెరాక్స్ దుకాణం నడుపుకునే తన చిన్ననాటి స్నేహితుడి పేరు రాశాడు. ఎందుకని అమ్మ అడిగితే, "వాడు వస్తే క్రికెట్ గురించి మాట్లాడతాడు" అన్నాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కోపం వచ్చింది, అవమానంగా అనిపించింది, తెల్లవారేసరికి ఆ రెండూ పోయి, ఆ స్నేహితుడు ఇన్నేళ్లుగా మా ఇంటికి వస్తూనే ఉన్నాడన్న సంగతి ఒక్కటే మిగిలింది.

ఇప్పుడు మందుల సంగతి అమ్మతో విడిగా, వేరే వేళకు మాట్లాడుకుంటాను. అన్నయ్యతో ఏం కూర తిన్నాడో, నిన్నటి మ్యాచ్ ఎవరు గెలిచారో మాట్లాడుతున్నాను. మొదట్లో అవును, కాదు అని మాత్రమే అనేవాడు, నేను ఎప్పుడు మాత్రల దగ్గరికి వస్తానా అని ఎదురుచూస్తున్నట్టుగా. పోయిన నెల తానే ఫోన్ చేసి, "నీ పెళ్లిలో పేలాలు ఎవరు పోశారు?" అని అడిగాడు. చెప్పాను. ఎందుకు పంపించేశామో కూడా చెప్పి, తప్పు చేశాను అన్నయ్యా అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు కానీ ఫోన్ మాత్రం పెట్టేయలేదు.