ఆగు నాన్నా, ముందు చూడనీ

మా అమ్మాయికి పద్దెనిమిది నిండిన మర్నాడే బండి కావాలంది. కారు కాదు, మోటార్ సైకిల్. వాళ్ళమ్మ వారం రోజులు నాతో మాట్లాడలేదు (అడిగిన దానితో మాత్రం బాగానే మాట్లాడింది, అదేం న్యాయమో నాకిప్పటికీ తెలీదు). చివరికి కుదిరిన ఒప్పందం ఏంటంటే లైసెన్స్ పద్ధతిగా నేర్చుకుని తెచ్చుకోవాలి, కొనేది పాత బండే అయ్యుండాలి, దాని రిపేర్లు తండ్రీకూతుళ్ళిద్దరే చేసుకోవాలి.

దొరికింది ఒక జపాన్ బండి, 250 సీసీ, కార్బొరేటర్‌ది (పెట్రోల్‌నీ గాలినీ కలిపి ఇంజిన్‌కి పంపే పాతకాలం భాగం). ఒక పెద్దాయన షెడ్డులో మూడేళ్ళుగా కదలకుండా ఉంది. ఆయనుండేది మాకు చాలా దూరం, వెళ్ళి చూసి నడుపుకుని తెచ్చుకునే దూరం కాదు. అందుకని ఫోన్ చేశాం. నేను బండి చాలా బాగా పెట్టుకున్నారు సార్, ఫోటోలు చూశాం సార్ అంటూ ఊరంతా తిరిగి అసలు సంగతికి వద్దామనుకుంటుంటే, మా అమ్మాయి మధ్యలో దూరి ఆయన్ని పేరు పెట్టి పిలిచి, "ఎప్పుడైనా పడిందా? ఏ వైపు పడింది? ఫ్రేమ్ మీద నంబర్ ఫోటో తీసి పంపుతారా?" అనేసింది. నాకు ప్రాణం పోయినంత పనైంది. అంత పెద్ద మనిషిని అలా అడగడమంటే నీ మాట నమ్మను అని మొహం మీద అన్నట్టే కదా, మేం పెరిగిన పద్ధతిలో. ఆయన మాత్రం ఏమీ అనుకోలేదు. నిలబెట్టి ఉండగా ఒకసారి ఎడమ వైపు ఒరిగిందని, క్లచ్ లివర్ మార్చానని చెప్పి, పది నిమిషాల్లో ఫోటో పంపాడు. పదిహేడు అంకెలూ అక్షరాలూ కాగితాలతో సరిచూస్తుంటే ఒకచోట నేను ఓ అని చదివాను. ఆ నంబర్లో ఐ, ఓ, క్యూ అనే అక్షరాలే వాడరట, అది సున్నా అంది.

అప్పుడే మొహమాటం అనే మాట దానికి చెప్పాల్సొచ్చింది. ఇంగ్లీషులో ఏమంటారు అని అడిగింది. అరగంట ఆలోచించినా నాకు మాట దొరకలేదు.

రవాణా వాళ్ళు ట్యాంకులో పెట్రోల్ పావు వంతు మించకూడదు, బ్యాటరీ వైరు తీసెయ్యాలి అన్నారు. మేం అదనంగా అడిగింది ఒక్కటే, తాళ్ళు హ్యాండిల్‌కి కట్టొద్దని. ఫోర్కులని, అంటే ముందు చక్రానికి రెండు పక్కలా ఉండే కడ్డీలని, పట్టి ఉంచే కింది క్లాంప్‌కి మెత్తటి పట్టీలు చుట్టి, ముందు షాకబ్జర్లు కొంచెం నొక్కుకునేంత వరకే లాగాలి. పూర్తిగా అణగదొక్కితే లోపలి ఆయిల్ కారకుండా ఆపే సీళ్ళు పాడవుతాయి. ఎక్కించేటప్పుడు నాలుగు వైపులా ఫోటోలు తీయమని పెద్దాయనకి కూడా చెప్పాం, అంటే అది చెప్పింది.

బండి వచ్చేసరికి చీకటి పడుతోంది. డ్రైవర్ తొందరలో ఉన్నాడు, కాగితం చాపాడు. పాపం అంత దూరం నుంచి వచ్చాడు, ఇంకెన్ని చోట్లకి వెళ్ళాలో అనుకుని పెన్ను తీసుకున్నాను. "ఆగు నాన్నా, ముందు చూడనీ" అని టార్చ్ పట్టుకుని బండి చుట్టూ తిరిగింది. కుడి వైపు అద్దం పగిలి ఉంది, సైలెన్సర్ మీద ఫోటోల్లో లేని గీత ఒకటి. రెండూ ఆ కాగితం మీద రాయించి, దాన్ని ఫోటో తీసుకున్నాకే నన్ను సంతకం పెట్టనిచ్చింది. రాయకుండా సంతకం పెట్టేసి ఉంటే ఆ అద్దం డబ్బులు అడగడానికి నా దగ్గర ఆధారమే ఉండేది కాదు. డ్రైవర్ కూడా ఏమీ అనుకోలేదు, గుడ్ నైట్ చెప్పి వెళ్ళిపోయాడు.

గ్యారేజీలో మాత్రం నాక్కొంచెం మంచి రోజులొచ్చాయి. పాత పెట్రోల్ వార్నిష్ వాసన కొడుతోంది, అంతా పారబోశాం. కార్బొరేటర్ కింది గిన్నె విప్పుతుంటే స్క్రూ తల అరగడం మొదలైంది, అమ్మాయి గట్టిగా తిప్పేకొద్దీ స్క్రూడ్రైవర్ ఇంకా జారుతోంది. జపాన్ స్క్రూ చూడ్డానికి మామూలు ప్లస్ స్క్రూలాగే ఉంటుంది కానీ మామూలు స్క్రూడ్రైవర్ దాని అడుగు దాకా దిగదు, అందుకే జారుతుంది. దానికి వేరే స్క్రూడ్రైవర్ ఉంటుందన్న సంగతి నాకు తర్వాత తెలిసింది, చిన్నప్పుడు మెకానిక్ పక్కన కూర్చుని చూసిన విద్య మాత్రం గుర్తుంది. స్క్రూడ్రైవర్ ఆనించి, వెనక సుత్తితో రెండు దెబ్బలు వేసి, బరువంతా మోపి తిప్పాను. వచ్చేసింది. "తలే అరిగింది, మర పోలేదు" అన్నాను. మర అంటే స్క్రూ చుట్టూ తిరిగే గాడి అని చూపిస్తే, అయితే మరమ్మతు అందులోంచే వచ్చిందా అంది. అవునని గొప్పగా చెప్పాను. రాత్రి చూస్తే మరమ్మతు అరబ్బీ మాటట, దీనికీ దానికీ సంబంధమే లేదు. పొద్దున్నే ఒప్పుకున్నాను.

కార్బొరేటర్‌లో పెట్రోల్ వచ్చే సన్నటి జెట్ రంధ్రం మూసుకుపోతే గుండుసూదితో పొడవబోయాను, పెద్దదైపోతుందని చెయ్యి పట్టుకుంది. క్లీనర్ కొట్టి గాలి పెట్టాం. టైర్ల మీద 1114 అని ఉంది, అంటే 2014లో పదకొండో వారం తయారీ. గాడులు ఎంత బాగున్నా అంత పాత రబ్బరు మీద పిల్లని పంపను, రెండూ మార్చేశాం. బ్రేక్ ఆయిల్ టీ డికాక్షన్ రంగులో ఉంది, అదీ మార్చాం. విప్పిన నట్లన్నీ కవర్లలో వేసి నేను తెలుగులో రాసి పెట్టాను, అలవాటు కొద్దీ. బిగించేటప్పుడు "కుడి పక్క మూత" అని అది కూడబలుక్కుని చదువుతుంటే పని రెట్టింపు సేపు పట్టింది. నేనేం తొందరపెట్టలేదు.

స్టార్ట్ అవ్వలేదు. పెట్రోల్ ట్యాప్ ఆఫ్‌లో ఉంది, పది నిమిషాలు టెన్షన్ పడ్డాక చూసుకున్నాం. తర్వాత స్టార్ట్ అయింది, ఛార్జింగ్ 14.2 వోల్టులు చూపిస్తోంది, అంటే బాగానే ఉంది. ముందు చక్రం పైకి లేపి హ్యాండిల్ తిప్పితే మధ్యలో ఒకచోట పట్టుకుంటోంది. స్టీరింగ్ బేరింగ్ పోయింది. ఒక్క రౌండు వేస్తే ఏం కాదులే అన్నాను నేను. నా వైపు చూసిన చూపుకి తాళం దాని చేతికే ఇచ్చేశాను.

ఆ సాయంత్రం పెద్దాయనకి ఫోన్ చేసి ఇంజిన్ శబ్దం వినిపించింది. ఆయన చాలాసేపు విన్నాడు, చాలా సంతోషించాడు, ఇంకేమైనా ఇబ్బంది ఉందా అని అడిగాడు. ఏమీ లేదు, అంతా బాగుంది అని పెట్టేసింది.

"బేరింగ్ సంగతి చెప్పలేదేం?"

"పాపం, అంత సంతోషంగా ఉన్నాడు. ఏమనుకుంటాడో అని."

బేరింగ్ ఆర్డర్ పెట్టాం, వచ్చే వారం వస్తుంది.