ఏరో సార్, రూపాయి బిళ్ళ, లంబూగాడి పందెం

మన కాలేజీ బ్యాచ్ సంచికకి ఏదోటి రాయమని కమిటీ వాళ్ళు ఒకటే మెసేజ్‌లు, ఇక తప్పేలా లేదు. మెస్ సమ్మె, సూర్యలంక ట్రిప్పు ఎలాగూ పకోడీగాడు రాస్తాడు, నేను విమానాలు ఎగిరే పాఠం (ఏరోడైనమిక్స్) చెప్పిన ఏరో సార్ గురించే రాస్తా.

థర్డియర్, మధ్యాహ్నం క్లాసు, సగంమంది నిద్రలో ఉన్నాం. సార్ వస్తూనే "ఒకే మోడల్ ప్లేన్లు రెండు, ఒకటి ఫుల్ లోడు, ఒకటి ఖాళీ, ఒకే ఎత్తులో రెండిటికీ ఇంజిన్ ఆగిపోయింది, ఏది ఎక్కువ దూరం పోద్దిరా?" అన్నారు. బరువు తక్కువున్న ఖాళీదే అని అందరం అరిచాం, లంబూ అయితే ప్లేటు మిర్చిబజ్జీ పందెం కాశాడు, అదీ సార్‌తోనే!

సార్ ఏం మాట్లాడకుండా మనల్ని వర్క్‌షాప్ మేడ మీదికి తోలుకెళ్ళారు. మనం బాల్సా అనే తేలిక చెక్కతో చేసిన గ్లైడర్లే (ఇంజిన్ లేని బుల్లి ప్లేన్లు) రెండు తీసి, ఒకదానికి పెన్సిల్‌తో సీజీ (బరువు కేంద్రం) గుర్తుపెట్టి, సరిగ్గా అక్కడే రూపాయి బిళ్ళ టేపేసి అంటించారు. కాస్త ముందుకి జరిగినా ముక్కు వాలిపోద్దని బండోణ్ణి దగ్గరికి కూడా రానివ్వలేదు. బిళ్ళున్నది రయ్యిమని పోయి ముందే దిగింది, ఖాళీది తాపీగా వచ్చి ఇంచుమించు దాని పక్కనే వాలింది. అంటే దూరం రెండిటికీ ఒకటే, స్పీడే వేరు.

లిఫ్టుకీ (పైకి లేపే బలం) డ్రాగుకీ (గాలి వెనక్కి లాగే బలం) మధ్య, దూరాన్ని తేల్చే బెస్ట్ లెక్క కుదిరేది ఒకే యాంగిల్ ఆఫ్ అటాక్ (ఎదురొచ్చే గాలికి రెక్క ఉండే కోణం) దగ్గర, బరువు పెరిగినా ఆ యాంగిల్ మారదు, స్పీడే మారుతుంది, అదీ వర్గమూలం లెక్కన. 100 టన్నులది 81 అయితే స్పీడు పదింట తొమ్మిది వంతులు చాలు. పోటీ గ్లైడర్లు రెక్కల్లో నీళ్ళు నింపుకునేది కూడా అందుకేనట, అదే గ్లైడు, ఎక్కువ స్పీడు.

ఫైనలియర్ నాకేం గుర్తులేదు.

ఇప్పుడు నా ఉద్యోగం లాంగ్ హాల్ (దూర ప్రయాణాల) ఫ్లైట్ ప్లాన్లు వేయడం. ఫ్యూయల్ కాలేకొద్దీ ప్లేన్ తేలికవుద్ది, అదే ఎత్తులో అదే స్పీడు లాగితే యాంగిల్ తగ్గిపోయి బెస్ట్ లెక్క చెడుతుంది, స్పీడు తగ్గిస్తే లేటు, అందుకని 33 వేల అడుగుల నుంచి 35కి, తర్వాత 37కి స్టెప్పులుగా ఎక్కిస్తాం, పలచటి గాలిలో మళ్ళీ ఆ యాంగిల్ దొరుకుతుంది. (జెట్‌కి బెస్ట్ క్రూజ్ స్పీడు బెస్ట్ గ్లైడ్ స్పీడు కంటే ఎక్కువేలే, కానీ బరువుతో మారే పద్ధతి అదే.) తల నెరిసిన కెప్టెన్లు కూడా "స్టెప్ ఎక్కడ పెట్టావమ్మా" అని నాకే ఫోన్ చేస్తారు, గొప్పకి కాదు, ఊరికే చెప్తున్నా.

లంబూ డల్లాస్‌లో ఇళ్ళు అమ్ముకుంటూ కూడా, ఎదురుగాలి ఉంటే లెక్క మారుద్దని గ్రూపులో ఇప్పటికీ వాదిస్తాడు. మారుద్దిరా నాయనా, కానీ అప్పుడు ఇంకా దూరం పోయేది బరువున్నదే, అంటే నువ్వు ఇంకో ప్లేటు బాకీ.