ఎర్ర గీత, పసుపు గీత

"అక్కా, శుభవార్త! నేనింకా కుర్రాణ్ణేనట" అని తమ్ముడు ఫోన్ చేశాడు. వాడికి ముప్పై ఒకటి. మెదడు 32 ఏళ్ల దాకా కౌమారంలోనే ఉంటుందని ఎక్కడో చదివాడు. "అంటే నాకింకా ఏడాది టైముంది. అప్పటిదాకా ఇంట్లో ఎవరూ బాధ్యత అనే మాట ఎత్తకూడదు" అని ఒకటే నవ్వు.

వాడు చదివింది పుకారు కాదు. 2025 నవంబరులో కేంబ్రిడ్జి పరిశోధకులు అప్పుడే పుట్టిన పిల్లల నుంచి తొంభై ఏళ్ల వాళ్ల దాకా 3,802 మంది స్కాన్లను పోల్చి చూశారు. మెదడులోని దారుల అల్లిక 9, 32, 66, 83 ఏళ్ల దగ్గర మలుపు తిరుగుతోందని తేల్చారు. 9కీ 32కీ మధ్య దశకి కౌమారం అని పేరు పెట్టారు. ఆ దశంతా ఒక చోటి నుంచి ఇంకో చోటికి కబురు తక్కువ మజిలీల్లో చేరేలా దారులు కుదురుకుంటూ వస్తాయి. అంతే తప్ప ముప్పై ఏళ్లవాడు పదిహేనేళ్లవాడిలా ప్రవర్తిస్తాడని వాళ్లు అనలేదు. ఆ ముక్క చెబితే వాడికి రుచించలేదు.

నిజానికి నేను వాడికి చెప్పాలనుకున్నది వేరే. ఆ దారుల్ని ఎవరూ కళ్లతో చూడలేదు. అవి లెక్క కట్టి గీసినవి. అలాంటి గీతల్లో కొన్నింటిని దిద్దడం నా ఉద్యోగం.

నేను న్యూరోసైంటిస్టుని కాదు. అంతకుముందు ఉపగ్రహ చిత్రాల మీద చెరువుల అంచులూ రోడ్ల అంచులూ గీసేదాన్ని. నాలుగేళ్లుగా మెదడు అంచులు గీస్తున్నాను. పరిశోధన కోసం తీసిన ఎంఆర్‌ఐ స్కాన్లు మా దగ్గరికి పేరు లేకుండా నంబరుతో వస్తాయి. మొదట సాఫ్ట్‌వేర్ తనంతట తానే ప్రతి మెదడు చుట్టూ రెండు గీతలు గీస్తుంది. మెదడు పైపొర, అంటే కార్టెక్స్, దాని బయటి అంచుకి ఎర్ర గీత. లోపల తెల్ల పదార్థం మొదలయ్యే చోట పసుపు గీత. ఈ రెండింటి మధ్య దూరమే కార్టెక్స్ మందం. సగటున రెండున్నర మిల్లీమీటర్లు. "ఫలానా వాళ్ల మెదడు పల్చబడింది" అని వార్తల్లో చదువుతాం చూడండి, చాలాసార్లు ఆ మాట వెనక ఉన్నది ఈ రెండు రంగుల మధ్య సందే.

సాఫ్ట్‌వేర్ తెలివైనదే, కానీ మోసపోతుంది. మెదడు మీద డ్యూరా అని ఒక గట్టి పొర ఉంటుంది. కొన్ని చోట్ల అది కార్టెక్స్‌ని దాదాపు ఆనుకునే ఉంటుంది. స్కాన్‌లో రెండూ ఒకే రకం బూడిద రంగు. దాంతో ఎర్ర గీత మెదడు అంచు దాటి వెళ్లి డ్యూరాని కూడా కలుపుకుంటుంది. అప్పుడు నేను మౌస్ పట్టుకుని ఆ డ్యూరా చుక్కల్ని ఒక్కొక్కటే చెరపాలి. మెదడుని పల్చటి పొరలుగా కోసినట్టు చూపే బొమ్మల్ని స్లైస్‌లంటాం. ఒక స్లైస్‌లో నాలుగు చుక్కలు, పక్క స్లైస్‌లో ఆరు. ఒక్కో మనిషికి 256 స్లైస్‌లు. అన్నింటిలోనూ తప్పులుండవు గానీ అన్నీ చూడాలి. చెరిపాక సాఫ్ట్‌వేర్‌ని మళ్లీ నడిపిస్తే గంటల తరబడి లెక్క వేసుకుని గీతని సరైన చోటికి లాగుతుంది. ఒక్కోసారి లాగదు. అప్పుడు మళ్లీ మొదటికి.

ఆ చుక్కల పేరు వోక్సెల్. మా స్కాన్లలో ఒక్కోటి ఒక ఘన మిల్లీమీటరు, దాదాపు చిన్న ఆవగింజంత. మొదటి రెండేళ్లు వాటిని దుమ్ము తుడిచినట్టు తుడిచేసేదాన్ని. 2024లో హార్వర్డ్, గూగుల్ వాళ్లు కలిసి చేసిన పని చూశాక చెయ్యి కాస్త నెమ్మదించింది. మూర్ఛకి చేసిన ఆపరేషన్‌లో తీసిన మెదడు ముక్కలోంచి దాదాపు ఒక ఘన మిల్లీమీటరు తీసుకున్నారు. దాన్ని 5 వేలకు పైగా పొరలుగా కోసి, ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద ఫొటోలు తీసి, కంప్యూటర్లో మళ్లీ ఒక్కటిగా అతికించారు. అందులో దాదాపు 57 వేల కణాలు, కణానికీ కణానికీ కబురు అందించే సినాప్సులు 15 కోట్లు కనిపించాయి. ఆ కాస్త ముక్క బొమ్మలకే 1.4 పెటాబైట్లు, అంటే 1,400 టెరాబైట్లు పట్టింది. నేను ఒక్క క్లిక్‌తో చెరిపే చుక్కంత మేరలో అంత సంసారం ఉందన్నమాట. పొరపాటున డ్యూరాకి బదులు కార్టెక్స్ చుక్కని చెరిపితే మెదడుకేమీ కాదు, బొమ్మకే. అయినా అప్పట్నుంచి చెరిపే ముందు పక్క స్లైస్‌తో ఒకసారి సరిచూసుకుంటున్నాను.

ఎంఆర్‌ఐ అనగానే ఫొటో అనుకుంటారు చాలామంది. తమ్ముడూ అలాగే అనుకున్నాడు. అది ఫొటో కాదురా, నీళ్ల జాడ అని చెప్పాను. మెదడులో ఎక్కువ భాగం నీళ్లే. ఆ నీళ్లలోని హైడ్రోజన్ కేంద్రకాల్ని పెద్ద అయస్కాంతంలో పెట్టి రేడియో తరంగంతో ఒక తోపు తోస్తారు. మళ్లీ మామూలు స్థితికి వచ్చేటప్పుడు అవి సన్నని సంకేతం ఇస్తాయి. కొవ్వు తొడుగులున్న తెల్ల పదార్థంలో ఆ సర్దుకోవడం త్వరగా అయిపోతుంది, కార్టెక్స్ లాంటి బూడిద పదార్థంలో ఆలస్యమవుతుంది. ఆ తేడానే మనకి తెలుపూ బూడిదా రంగులుగా కనిపించేది. కేంబ్రిడ్జి వాళ్లు చెప్పిన దారులైతే ఇంకో అడుగు దూరం. నీటి అణువులు నరాల పోగుల వెంట సులువుగా జారతాయి, అడ్డంగా జారలేవు. నీళ్లు ఎటు ఎక్కువ జారుతున్నాయో కొలిచి, పోగులు అటే వెళ్తున్నాయని ఊహించి గీస్తారు. గడ్డి వాలిన తీరు చూసి గాలి ఎటు వీచిందో చెప్పడం లాంటిది. చాలావరకు నిజమే అవుతుంది. రెండు పోగులు ఒకదాన్నొకటి దాటే చోట మాత్రం తికమక.

ఇక నా సొంత ముచ్చట. ఒక కొత్త అధ్యయనం మొదలుపెట్టే ముందు, స్కానర్ సెట్టింగులు సరిగా ఉన్నాయో లేదో చూడ్డానికి ఎవరో ఒకరు లోపల పడుకోవాలి. నేను పడుకుంటానన్నాను. వేల స్కాన్లు చూసినదాన్ని, కదలకూడదని నాకొకరు చెప్పాలా అనే ధీమా. గాజులు, చెవి దిద్దులు, జడ క్లిప్పులు, అన్నీ తీసి ట్రేలో పెట్టాను. చెవుల్లో దూది లాంటి ప్లగ్గులు, తల చుట్టూ పంజరం లాంటి కాయిల్, చేతిలో నొక్కితే బయట గంట మోగే రబ్బరు బంతి. లోపలికి జరిపారు. అయిదు నిమిషాల స్కాన్. మొదటి నిమిషం బాగానే గడిచింది. రెండో నిమిషంలో ఎడమ ముక్కు పక్కన దురద మొదలైంది. దాన్ని పట్టించుకోకూడదని అనుకున్నకొద్దీ ప్రపంచంలో ఆ దురద తప్ప ఇంకేమీ లేనట్టు తయారైంది. అది తగ్గిందనుకుంటే గొంతులో గరగర. ఒక్కసారి గుటక వేశాను. అంతే, ఇంకేం చేయలేదు అనుకున్నాను.

"మేడం, కదిలారా?" అని స్పీకర్లో అడిగాడు ఆపరేటర్ అబ్బాయి.

"లేదండీ."

"కదిలారు మేడం" అన్నాడు చాలా మర్యాదగా. "ఇంకోసారి తీద్దాం."

తర్వాత రెండు స్కాన్లూ పక్కపక్కన పెట్టి చూసుకున్నాను. మొదటి దాంట్లో నుదుటి వైపు నుంచి అలలు, చెరువులో రాయి పడ్డట్టు, ఒకదాని వెనక ఒకటి. అవి నా మెదడులో లేవు. స్కానర్ కెమెరాలా ఒక్క క్షణంలో క్లిక్‌మనిపించదు. అయిదు నిమిషాల సంకేతాలన్నీ కూడి ఒక్క బొమ్మ అవుతుంది. మధ్యలో తల ఒక మిల్లీమీటరు జరిగినా ఆ తప్పు ఒక్కచోట ఉండిపోదు, బొమ్మంతా పరుచుకుంటుంది. నన్ను ఆశ్చర్యపెట్టింది అలలు కాదు, అంకెలు. మొదటి స్కాన్‌లో నా కార్టెక్స్ సగటు మందం 2.41 మిల్లీమీటర్లు. పావుగంట తర్వాత తీసిన రెండో దాంట్లో 2.47. వయసుతో ఒకటి రెండేళ్లలో సహజంగా తగ్గేదానికంటే ఆ తేడా ఎక్కువ. పావుగంటలో నా మెదడు మందమెక్కిందని తమ్ముడికి చెప్పాను. "నీ బుర్ర మందమని నేను చిన్నప్పట్నుంచీ చెబుతూనే ఉన్నా" అన్నాడు.

నవ్వులాటకి బాగానే ఉంది గానీ నాకు ఆ రోజంతా అదే ఆలోచన. 2015లో కొందరు పరిశోధకులు ఆరోగ్యంగా ఉన్నవాళ్లని స్కానర్‌లో కావాలనే తల ఊపమని చెప్పి చూశారు. కదిలిన స్కాన్లలో బూడిద పదార్థం తక్కువగా, పల్చగా వచ్చింది. ఇప్పుడు ఆలోచించండి, స్కానర్‌లో ఎవరు ఎక్కువ కదులుతారు? పిల్లలు, బాగా పెద్దవాళ్లు, చేతులు వణికేవాళ్లు, కుదురుగా ఉండలేని జబ్బున్నవాళ్లు. సరిగ్గా ఏ మెదళ్లలో తేడా ఉందా అని మనం వెతుకుతున్నామో వాళ్లే. తేడా కనిపించినప్పుడు అందులో జబ్బు ఎంత, కదలిక ఎంత? గీత దిద్దే నాలాంటివాళ్లు కొంత ఆపగలం. అలలు బాగా ఉంటే షీటులో పనికిరాదని రాస్తాం. సన్నని అలలు మాత్రం కంటికి ఆనవు.

ఫ్రాన్స్‌లో పారిస్ దగ్గర 11.7 టెస్లాల ఎంఆర్‌ఐ యంత్రం ఒకటుంది. టెస్లా అంటే అయస్కాంత బలానికి కొలత. ఆసుపత్రుల్లో మామూలుగా ఉండేవి 1.5 లేదా 3 టెస్లా. దాని అయస్కాంతం బరువే 132 టన్నులు. 2021లో మొదట అందులో పెట్టింది ఒక గుమ్మడికాయని (ఈ సంగతి నాకెందుకో తెగ నచ్చింది). మనుషుల మెదడు బొమ్మలు 2024లో బయటపెట్టారు. 0.2 మిల్లీమీటర్ల వివరం, నాలుగు నిమిషాల్లో. అందరూ ఆ సూక్ష్మత చూసి ఆహా అన్నారు. నాకైతే ముందు ఆ పడుకున్నవాళ్ల మీద జాలేసింది. గుమ్మడికాయకి ముక్కు దురద ఉండదు. 0.2 మిల్లీమీటర్లు చూడగలిగితే 0.2 మిల్లీమీటర్ల కదలికా తప్పుగానే లెక్క.

ఈ ఇబ్బందులకి ఈ రంగం ఎంచుకున్న ఒక దారి, వీలైనంత ఎక్కువ మందిని చూడడం. 2022లో వచ్చిన ఒక విశ్లేషణ దాదాపు 50 వేల మంది డేటాని తిరగేసి, మెదడు ఆకారాన్ని మనిషి స్వభావంతోనో తెలివితోనో ముడిపెట్టి చెప్పాలంటే వేల మంది ఉంటేనే ఫలితం నిలబడుతుందని తేల్చింది. అంతవరకూ ఈ రంగంలో మామూలు అధ్యయనాలు పాతిక మంది దగ్గర ఉండేవి. అదే ఏడాది ఇంకో బృందం లక్షకి పైగా మనుషుల 1,23,984 స్కాన్లు పోగేసి, పిల్లల ఎత్తూ బరువూ చూసే చార్టులాంటిది మెదడుకి తయారుచేసింది. అందులో బూడిద పదార్థం ఆరేళ్లకి కాస్త ముందే శిఖరానికి చేరి దిగడం మొదలుపెడుతుంది. తెల్ల పదార్థం మాత్రం 29 దగ్గర. తమ్ముడికి ఇది చెబితే "మరి 32 అన్నావు?" అన్నాడు. అన్నది నేను కాదు. పైగా ఒకరు కొలిచింది పరిమాణం, ఇంకొకరు కొలిచింది అల్లిక. కొలిచేది మారితే మలుపూ మారుతుంది.

వేల మందిని చూసినా ఒక లోటు ఉంటుంది. ఆ చార్టుల్లో పదేళ్ల మనిషీ అరవై ఏళ్ల మనిషీ వేర్వేరు మనుషులు. ఎక్కువమందిని ఒక్కసారే స్కాన్ చేస్తారు. నాకు ఇష్టమైన పనులు దీనికి తలకిందులుగా ఉంటాయి. లండన్‌లో టాక్సీ లైసెన్సు కావాలంటే 25 వేల వీధులు కంఠతా రావాలి. 2011లో అచ్చయిన అధ్యయనంలో 79 మంది అభ్యర్థుల్ని చదువు మొదలుపెట్టినప్పుడు ఒకసారి, వాళ్లలో చాలామందిని ఏళ్ల తర్వాత మరోసారి స్కాన్ చేశారు. 39 మంది పాసయ్యారు. చోట్లని గుర్తుపెట్టుకోవడానికి సాయపడే హిప్పోక్యాంపస్ అనే మెదడు భాగంలో వెనక వైపు వాళ్లలోనే పెరిగింది, ఫెయిలైన వాళ్లలో లేదు. మొదట్లో అందరివీ ఒకేలా ఉన్నాయి. మొదటి స్కాన్ ఉండబట్టే ఆ మాట అనగలిగారు.

ఎలిజబెత్ క్రాస్టిల్ అయితే ఇంకో అడుగు వేసింది. ఆవిడ స్వయంగా న్యూరోసైంటిస్టు. గర్భం దాల్చడానికి మూడు వారాల ముందు నుంచి బిడ్డకి రెండేళ్లు వచ్చేదాకా 26 సార్లు తన మెదడునే స్కాన్ చేయించుకుంది. 2024లో ఆ ఫలితాలు వచ్చాయి. వారాలు గడిచేకొద్దీ బూడిద పదార్థం తగ్గుతూ వచ్చింది. ప్రసవం తర్వాత కొద్దిగా కోలుకుంది, మొత్తం కాదు. తెల్ల పదార్థపు పోగులు మాత్రం నడి నెలల్లో మరింత బలపడి, ప్రసవం నాటికి మళ్లీ మామూలు స్థాయికి వచ్చాయి. ఒక్క మనిషే కాబట్టి అందరికీ ఇలాగే అని చెప్పలేం. కానీ ఆ మనిషి మలుపు ఆ మనిషిదే, పక్కవాళ్ల నుంచి అప్పు తెచ్చుకున్నది కాదు. నిండు కడుపుతో ఆ గొట్టంలో కదలకుండా పడుకున్న ఆవిణ్ణి తలచుకుంటే నా గుటక నాకే సిగ్గుగా అనిపించింది.

ఇదంతా విని తమ్ముడు, "అయితే నన్ను కూడా ఏడాదికోసారి తీయండి. ముప్పై రెండు దాటాక ఏమవుతుందో చూద్దాం. పడుకోవడమే కదా పని, ఎన్నిసార్లైనా పడుకుంటా" అన్నాడు. మా దగ్గర వాలంటీర్లు ఎప్పుడూ తక్కువే. వాడి గీతలు నేను దిద్దకూడదు, వేరేవాళ్లు చూస్తారని చెప్పి ఫారం పంపించాను.

పది నిమిషాల్లో ఫోన్. రెండో ప్రశ్న దగ్గర ఆగిపోయాడు, శరీరంలో లోహం ఏదైనా ఉందా అని. ఎనిమిదో క్లాసులో చెట్టెక్కి పడి మోచెయ్యి విరగ్గొట్టుకున్నప్పుడు లోపల ఒక ప్లేటు వేశారు, నాలుగు స్క్రూలతో. నేనా సంగతే మర్చిపోయాను. అది ఏ లోహమో తెలిస్తే తప్ప లోపలికి పంపరు. ఆ ఆపరేషన్ కాగితాల కోసం అమ్మ నిన్నట్నుంచి బీరువా అంతా వెతుకుతోంది.